గ్రూపులో రాజకీయం, మతం గొడవలు: ఇలా చేసి చూడండి

పాత క్లాస్‌మేట్స్ వాట్సాప్ గ్రూపులో రాజకీయం, మతం మీద గొడవలై మంచి స్నేహితులే వెళ్లిపోతున్నారు, అడ్మిన్‌గా ఏం చేయాలి అని అడిగారు కదండీ. మీ టెన్షన్ నాకు తెలుసు, నేనూ పడ్డాను. "మర్యాదగా మాట్లాడండి" అంటే సరిపోదు, ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకుంటారు. "పార్టీల, మతాల వాదనలు వద్దు. పండగ శుభాకాంక్షలు ఏ మతానివైనా సరే" అని డిస్క్రిప్షన్‌లో స్పష్టంగా రాసేయండి.

మా దగ్గర గొడవ ఎక్కువగా ఫార్వర్డ్‌లతోనే మొదలయ్యేది. మెసేజ్ పైన రెండు బాణాల గుర్తుందంటే అది అప్పటికే చాలా చేతులు మారిందన్నమాట. ముందు వాటిని ఆపండి. 2022 నుంచి అడ్మిన్ ఎవరి మెసేజ్‌నైనా అందరికీ కనబడకుండా డిలీట్ చేయొచ్చు. తీసేశాక వాళ్లకు విడిగా ఫోన్ చేసి కారణం చెప్పండి, అందరి ముందూ వద్దు.

ఇంకోటి, మీకు నచ్చిన పార్టీ పోస్టు వస్తే దాన్నీ తీసేయండి. నేనలా తీసిన రోజు నుంచే మా వాళ్లు రూల్‌ని నమ్మారు.