కెమెరా మైకు ఫోనులో ఎందుకు పలకదు?

ప్రశ్న: మా మామ్మగారు చెప్పే కథలను వీడియోగా దాచుకోవాలని, కెమెరాకు చక్కగా పనిచేసే కాలర్ మైకును ఫోనుకు పెట్టాను. గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు వినిపిస్తోంది. మైకు పాడైందంటారా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: మైకు పాడవలేదండీ, తేడా అంతా పిన్నులో ఉంది. ఆ 3.5 మిల్లీమీటర్ల పిన్నును వెలుగులో పెట్టి చూడండి: కెమెరా మైకుకైతే లోహం మీద సాధారణంగా రెండు నల్లని గీతలు, ఫోను మైకుకైతే మూడు గీతలు కనిపిస్తాయి. మూడో గీత అవతల ఉన్న నాలుగో భాగం నుంచే ఫోను మైకు శబ్దాన్ని తీసుకుంటుంది కనుక, రెండు గీతల పిన్నును మైకుగా గుర్తించక, తన సొంత మైకుతోనే రికార్డు చేసుకుంటుంది. మీరు విన్న దూరపు గొంతు అదే. టీఆర్ఎస్ అనే రెండు గీతల పిన్ను నుంచి మూడు గీతల టీఆర్ఆర్ఎస్‌కు మార్చే చిన్న కేబులు కొంటే సరిపోతుంది.

ఫోనుకు గుండ్రటి జాక్ లేక టైప్-సి మాత్రమే ఉంటే, శబ్దాన్ని డిజిటల్‌గా మార్చే చిప్ లోపల ఉన్న అడాప్టరునే అడిగి తీసుకోండి. చిప్ లేని చవక రకం చాలా ఫోన్లలో పనిచేయదు. ఏది కొన్నా, ముందుగా పది సెకన్లు రికార్డు చేస్తూ మైకును వేలితో మెల్లగా తట్టి, ఆ టకటక దగ్గరగా వినిపిస్తోందో లేదో విన్న తరువాతే మామ్మగారిని కూర్చోబెట్టండి. పెద్దవారి చేత ఒకే కథను రెండుసార్లు చెప్పించి అలసట కలిగించడం నాకు ఇష్టం లేదు.