ఒకే రాత్రి రెండు ఇంజన్లూ తెరవొద్దు

చిరంజీవి సింధుకు,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు విమానసంస్థ ఇంజన్ల విభాగంలో చేరుతున్నావని, అదీ కొత్త తరం ఇంజన్ల మీద పనికని మీ నాన్న చెప్పాడు. చెబుతుంటే వాడి గొంతే మారిపోయింది. నాకూ గర్వంగానే ఉంది. ఆ వెంటనే గుబులూ పట్టుకుంది. ఆ ఇంజన్ల మీద పేపర్లలో వస్తున్నవన్నీ నువ్వు చదివే ఉంటావు. నా గుబులు వాటి గురించి కాదు. వాటిని తయారుచేసినవాళ్ళు చూసుకుంటారు, కాస్త ఆలస్యంగానైనా. నేను భయపడేది వేరే దానికి. అది చెప్పాలంటే ముందు ఇంజన్ల రోగాల సంగతి ముట్టుకోక తప్పదు.

తేలిక విషయాలు ఒక్క ముక్కలో తేల్చేస్తాను. మాన్యువల్ తాజా ప్రతి తెరిచాకే స్పానర్ పట్టు. టార్క్ రెంచ్ మీద క్యాలిబ్రేషన్ తేదీ చూడు. చెవులు కాపాడుకో. ఇవన్నీ శిక్షణలో చెప్పి చెప్పి నిన్ను విసిగించే ఉంటారు.

కొత్త ఇంజన్లను చులకన చేసేవాళ్ళతో చేరకు. "మా సీఎఫ్ఎమ్56 అయితేనా..." అని మొదలుపెట్టేవాళ్ళు ప్రతి హ్యాంగర్లోనూ ఉంటారు. ఆ ఇంజన్ 1982లో సర్వీసులోకి వచ్చింది. దాని బాలారిష్టాలు గుర్తున్నవాళ్ళు ఇప్పుడు తక్కువ, అందుకే అది పుట్టుకతోనే బంగారం అనిపిస్తుంది. కొత్తవి దాని కంటే 15 శాతం దాకా ఇంధనం ఆదా చేయాలి. అంటే ఇంజన్ నడిమి భాగం, కోర్, ఇంకా చిన్నదవ్వాలి, లోపల ఒత్తిడి పెరగాలి, వేడి పెరగాలి. లోహానికీ దాని హద్దుకీ మధ్య ఇదివరకున్న వెసులుబాటు ఇప్పుడు లేదు. చాలా రోగాలు అక్కడి నుంచే పుడుతున్నాయి.

ఎయిర్‌బస్ ఏ320 నియోల మీద 2016లో వచ్చిన ప్రాట్ అండ్ విట్నీ గేర్డ్ ఇంజన్‌నే తీసుకో. ఇంజన్ ఆపాక లోపలి వేడి పైకి చేరుతుంది. షాఫ్ట్ పైభాగం వేడిగా, కిందిభాగం చల్లగా ఉండి సన్నగా విల్లులా వంగుతుంది. ఆ వంపుతోనే ఇంధనం వెలిగిస్తే వణుకు పుట్టి, బ్లేడ్ల కొసలు చుట్టూ ఉన్న గోడకు రాసుకుంటాయి. అందుకే కొత్తలో దాన్ని స్టార్టర్‌తో నిమిషాల తరబడి ఉత్తినే తిప్పాల్సి వచ్చేది. తర్వాత 2018లో హై ప్రెషర్ కంప్రెసర్ వెనక భాగంలో గాలి లీకవకుండా ఆపే నైఫ్ ఎడ్జ్ సీల్ గొడవ. ఆ తర్వాత 2023 జులైలో బయటపడింది పెద్దది: 2015 చివరి నుంచి 2021 దాకా బ్లేడ్లను పట్టి ఉంచే డిస్కుల తయారీకి వాడిన లోహపు పొడిలో కల్తీ. పొడిలో చిక్కుకున్న మలినం దగ్గర పగులు మొదలవుతుంది. డిస్కు లోపలి లోపం, ఇంజన్‌లోకి సన్నటి కెమెరా దూర్చి చూసే నీ బోర్‌స్కోప్‌కు కనపడదు, ఎంత మంచి కెమెరా ఉన్నా సరే. ఇంజన్ దించి, విప్పి, డిస్కును బయటికి తీసి అల్ట్రాసోనిక్ పరీక్ష చేయాల్సిందే. షాపు వెళ్ళిన ఇంజన్ తిరిగి రెక్క ఎక్కడానికి 300 రోజుల దాకా పట్టడం, వందల విమానాలు నేలమీద నిలబడిపోవడం ఇందువల్లే.

సీఎఫ్ఎమ్ వాళ్ళ కొత్త లీప్ ఇంజన్లది ఇంకో తంటా. ఆపాక ఫ్యూయల్ నాజిల్ కొసలో మిగిలిన ఇంధనం వేడికి మాడి బొగ్గుగా పేరుకుంటుంది. అప్పుడు చల్లు సమంగా పడదు. ఒకచోట మంట ఎక్కువై, దాని వెనకున్న టర్బైన్ భాగాలు మిగతావాటి కంటే ముందే మాడతాయి. దుమ్ము ఎక్కువగా ఉన్నచోట నడిచే విమానాలైతే ఇంకా అన్యాయం. సన్నటి ధూళి కరిగి బ్లేడు పూత మీద గాజులా అతుక్కుంటుంది, శీతలీకరణ రంధ్రాలు మూసేస్తుంది. నాజిల్ తప్పో ధూళి తప్పో తేల్చకుండా బ్లేడును తిట్టి లాభం లేదు. మాడిన బ్లేడ్లు చుట్టూ ఒకేలా ఉన్నాయా, నాజిల్ వెనక గాలిని మళ్ళించే గైడ్ వేన్లలో ఒక్కచోటే మాడిందా చూడు. తిరిగే బ్లేడ్లు మంట కింద నుంచి అన్నీ వరసగా వెళ్తాయి, కదలని వేన్లు కదలవు. నాజిల్ గుట్టు చెప్పేది వేన్లే.

ఇక అసలు సంగతికి వస్తాను. బోయింగ్ 787ల మీదున్న ట్రెంట్ 1000 ఇంజన్లలో ఇంటర్మీడియట్ కంప్రెసర్ బ్లేడ్లకు పగుళ్ళు వచ్చాయి. 2018లో ఆ సమస్య ఉన్న ఇంజన్లతో నడిచే విమానాలు దగ్గరి విమానాశ్రయం నుంచి 330 నిమిషాల దూరం దాకా వెళ్ళే అనుమతిని 140 నిమిషాలకు కుదించారు. ఎందుకో గమనించు. ఒక ఇంజన్ ఆగితే రెండోది గంటల తరబడి గరిష్ఠ శక్తికి దగ్గరగా నడవాలి. ఆ బ్లేడ్లను ఎక్కువ వణికించేదీ సరిగ్గా ఆ నడకే. అంటే మొదటిది చెడితే, రెండోది చెడే పరిస్థితిని మనమే కల్పించినట్టు.

రెండు ఇంజన్ల విమానం సముద్రం దాటుతోందంటే దాని వెనక ఉన్నది ఒక్కటే నమ్మకం: ఒకదాని చావుకూ రెండోదాని చావుకూ సంబంధం ఉండదని. ఒకే బ్యాచ్ డిస్కులు, ఒకే వయసు, ఒకే దుమ్ము, ఒకే లోపం ఉన్న రెండింటిని ఒకే విమానానికి తగిలిస్తే ఆ నమ్మకం కొంచెం పలచబడుతుంది. 2018లో నైఫ్ ఎడ్జ్ సీల్ గొడవప్పుడు ఐరోపా భద్రతా సంస్థ చేసిందేమిటి? రెండు ఇంజన్లూ ఆ వరసవే అయిన విమానాలను ఆపేసింది. ఒక్కటే అయితే ఎగరనిచ్చింది, దూరపు సముద్ర మార్గాలు మాత్రం వద్దంది. రోగం తెలియనప్పుడు కూడా చేయదగిన పని అదే.

పైవన్నీ ఇంజన్ రోగాలు. రెండు ఇంజన్లనూ కలిపే ఇంకో లంకె ఉంది: మన చెయ్యి. నా నిద్ర చెడగొట్టేది అదే.

1995 ఫిబ్రవరి 23. ఇంగ్లండ్‌లో ఒక బోయింగ్ 737-400 స్పెయిన్ దీవి లాంజరోటేకు బయలుదేరింది. పైకి ఎక్కుతుండగానే రెండు ఇంజన్లలోనూ ఆయిల్ మట్టం పడిపోయింది, వెంటనే ప్రెషర్ పడిపోయింది. పైలట్లు లూటన్‌కు మళ్ళించి దింపారు, రన్‌వే మీద పరుగు ఆగకముందే రెండు ఇంజన్లూ ఆపేశారు. ముందు రాత్రి రెండింటికీ బోర్‌స్కోప్ తనిఖీ జరిగింది. లోపలి రోటర్‌ను చేత్తో తిప్పడానికి గేర్‌బాక్స్ దగ్గర ఒక చిన్న మూత తీస్తారు, నువ్వూ తీస్తావు. ఆ మూత ఇటూ పెట్టలేదు, అటూ పెట్టలేదు. ఆయిల్ అంతా ఆ కన్నాల్లోంచి పోయింది.

ఆ రాత్రి పనిచేసినవాళ్ళు చేతకానివాళ్ళు కాదు. అందుకే దీన్ని ఇంత సాగదీసి చెబుతున్నాను. రోజువారీ పని చూసే లైన్ షిఫ్టులో మనుషులు తక్కువ. ఒక ఇంజనీర్ పని మొదలుపెట్టాడు. పెద్ద మరమ్మతుల విభాగం, అంటే బేస్ నుంచి వచ్చిన పెద్దాయన "మిగతాది నేను చూసుకుంటాలే" అని అందుకున్నాడు. ఏది విప్పారో, ఏది మిగిలిందో నోటిమాటగా చెప్పుకున్నారు, కాగితం మీద పెట్టలేదు. ఆయనకు నడుమ నడుమ వేరే పనులు తగిలాయి. పని అంచెలు రాసివుండే టాస్క్ కార్డు ప్రకారం అడుగడుగునా టిక్కు పెట్టుకుంటూ పోలేదు. చివర్లో ఇంజన్ స్టార్ట్ చేసి కనీస వేగంలో, అంటే ఐడిల్‌లో నడపాల్సిన పరీక్ష ఉంది, అదీ చేయలేదు. చేసుంటే నేలమీదే తెలిసేది. దర్యాప్తులో ఇంకో మాట తేలింది: అక్కడ బోర్‌స్కోప్ పనులు చాలాకాలంగా కార్డును పక్కనపెట్టే జరుగుతున్నాయి, ఎవరూ పట్టుకోలేదు. ఒక్కడు ఒక ఇంజన్ మీద మరచిపోయింది రెండోదాని మీద కూడా మరచిపోతాడు. బుర్ర ఒకటే కదా.

దానికి పన్నెండేళ్ళ ముందు, 1983 మే 5న, మయామీ నుంచి నసావు వెళ్తున్న ఒక ట్రైస్టార్ విమానానికి మూడు ఇంజన్లలోనూ ఇదే కథ. మెటల్ ముక్కలు పట్టే చిప్ డిటెక్టర్లు మార్చారు, లీకు ఆపే ఓ-రింగులు వేయలేదు. లీకు చూడటానికి స్టార్టర్‌తో కొన్ని సెకన్లు తిప్పారు, అంత కొద్దిసేపట్లో ఏమీ కారలేదు. గాల్లో మూడూ ఆగాయి, ముందే ఆపేసిన ఒకదాన్ని మళ్ళీ రగిలించి దిగారు. 2013 మే 24న హీత్రూలో ఒక ఏ319 టేకాఫ్‌లోనే రెండు ఇంజన్ల ఫ్యాన్ కౌల్ (ఇంజన్ తొడుగు) తలుపులూ ఊడిపోయాయి, ఒకవైపు మంట లేచింది. లాచ్‌లు వేయడానికి తిరిగి వచ్చినవాళ్ళు పొరపాటున వేరే విమానం దగ్గరికి వెళ్ళారు. ఆ లాచ్‌లు కౌల్ అడుగున ఉంటాయి, నిలబడితే కనపడవు. మోకాళ్ళ మీద వంగి, టార్చ్ వేసి, ఒక్కొక్కటీ వేలితో తాకి చూడు. బట్టలు మాస్తాయి, మాయనీ.

కొత్త ఇంజన్ కదా, పాతవాటికి లేనన్ని బోర్‌స్కోప్ తనిఖీలు నీ నెత్తిన పడతాయి. రెండు ఇంజన్లూ ఒకే రోజు విమానానికి ఎక్కాయి కాబట్టి రెండింటి గడువూ ఒకే రాత్రి వస్తుంది. ప్లానింగ్ వాళ్ళకు అది మహా ఇష్టం, ఒక్కసారి ఆపితే రెండూ అయిపోతాయని. నువ్వు మాత్రం ఒప్పుకోకు.

చేయాల్సింది పెద్ద విద్యేం కాదు. తనిఖీ గడువు 500 సైకిళ్ళు (ఒకసారి ఎగిరి దిగితే ఒక సైకిల్) అనుకో. మొదటిసారి ఎడమదాన్ని 250కే చేసెయ్, కుడిదాన్ని 500కు చెయ్. అక్కడి నుంచి ఎవరి 500 వాళ్ళదే, రెండూ ఎన్నటికీ కలవవు. పోయేది ఒక్కసారి సగం గడువు, అంతే. గడువు కంటే ముందు చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎక్కడో తప్పక రెండూ ఒకే రాత్రి చేయాల్సివస్తే వేర్వేరు మనుషులు చేయాలి, వేర్వేరు మనుషులు సంతకం పెట్టాలి. తీసిన ప్రతి మూత, ప్లగ్ మీద ట్యాగ్ కట్టి ఒకే ట్రేలో పెట్టించు, ట్రే ఖాళీ కాకుండా కార్డు మూయకు. సీల్ ప్రతిసారీ కొత్తది. తర్వాత స్టార్టర్‌తో తిప్పి సరిపెట్టకుండా, మాన్యువల్ చెప్పినంత సేపు ఐడిల్‌లో నడిపి, ఆపి, మళ్ళీ కౌల్ తెరిచి చూడు. షిఫ్టు మారితే నోటితో చెప్పింది చెప్పినట్టే లెక్క కాదు, రాయాలి.

తనిఖీలో ఒక సంగతి. బ్లేడ్లు లెక్కపెట్టుకుంటూ తిప్పు, మొదటిదానికి గుర్తు ఉండాలి, లేకపోతే ఒకటి తప్పించుకుంటుంది. ప్రతిసారీ అదే కోణం, అదే దూరం నుంచి ఫొటో తియ్. ఇవాళ పగులు ఎంత ఉందన్నదానికంటే పోయినసారి నుంచి ఎంత పెరిగిందన్నదే ముఖ్యం. తెల్లవారుజామున మూడింటికి, ఆరింటికి విమానం వెళ్ళాలని ఫోన్లు మోగుతుంటే, కొలత గీత హద్దుకు ఆవలో ఈవలో తేలకపోతే కర్సర్ ఈవలికే జరుగుతుంది. జరిపేది నువ్వే, నీకే తెలియదు. అప్పుడు కొలవడం ఆపి, ఇంకొకరిని పిలిచి, నీ అంకె చెప్పకుండా కొలవమను. ఈ ఒక్క విషయంలో మొండికెయ్యి తల్లీ, పొగరుబోతు అన్నా పర్వాలేదు.

రోజూ వచ్చే డేటాలో ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత ఒక్కటే గెంతితే ముందు సెన్సర్‌ను, వైరింగ్‌ను అనుమానించు. దాంతోపాటు ఇంధన ప్రవాహం, రోటర్ వేగం కూడా కదిలితే లోపల నిజంగానే ఏదో జరిగింది. ఆయిల్‌ను ఎంత పోశామన్నది కాదు, గంటకు ఎంత తాగుతోందన్నది చూడు. ఒకే విమానంలో రెండింటి ఆయిలూ ఒకేసారి తగ్గితే ఇంజన్లను కాదు, ముందు రాత్రి షిఫ్టును అడుగు.

చేరిన మొదటి వారంలోనే, ఎవరూ అడగకముందే, ఒక కాగితం తయారుచేసుకో. ప్రతి విమానానికీ ఒక వరస: ఎడమ ఇంజన్ సీరియల్, కుడి ఇంజన్ సీరియల్, టర్బైన్ డిస్కుల పార్ట్ నంబర్లు, సీరియళ్ళు, వాటి సైకిళ్ళు, తదుపరి తనిఖీ తేదీ. రెండూ తగ్గించిన గడువు మీద నడుస్తున్న విమానాలకు ఎర్ర గీత కొట్టు. అద్దెకో అరువుకో వచ్చిన ఇంజన్ అయితే డిస్కుల చరిత్ర పుట్టినప్పటి నుంచి కాగితాల మీద ఉందో లేదో చూడు. 2023లో విడిభాగాలకు నకిలీ విడుదల పత్రాలు బయటపడ్డాయి కదా, అందుకని కాగితం నిజమైనదో కాదో కూడా జారీచేసినవాళ్ళనే అడుగు. స్పేర్ ఇంజన్ ఎప్పుడొచ్చినా అది ఎర్ర గీత విమానానికే ముందు వెళ్ళాలని ఆ కాగితం పట్టుకునే అడుగు. ఉత్తి మాటలతో ఆపరేషన్స్ వాళ్ళ మీద గెలవలేవు.

ఆశీస్సులతో,
పెదనాన్న

తా.క.: బోర్‌స్కోప్ పోర్టు తెరిచే ముందు జేబులు ఖాళీ చేసుకో, ఉంగరం తీసెయ్. చిన్న స్క్రూ అయినా లోపల పడి దొరకకపోతే ఇంజన్ దించాల్సిందే. పడితే దాచకు, అప్పటికప్పుడు చెప్పు. ఎవరేమన్నా అంటే నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.