బోర్లు కాదు, ట్యాంకు కట్టించండి

ప్రశ్న: కరకంబాడి రోడ్డులో మాది నాలుగంతస్తుల ఆఫీసు. ఏసీకి నీళ్ళు చల్లబరిచే చిల్లర్, క్యాంటీనుకీ గెస్టు రూములకీ వేడినీళ్ళకు డీజిల్ బాయిలర్ ఉన్నాయి. అమెరికాలో రెడ్మండ్‌లోని మైక్రోసాఫ్ట్ ఆఫీసులకు వందల బోర్లు వేసి, కరెంటుతోనే వేడీ చల్లదనం ఇస్తున్నారట. మేమూ వేయించమంటారా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: వద్దండీ. అక్కడ 550 అడుగుల లోతు దాకా దించిన పైపుల్లో నీళ్ళు తిరుగుతాయి. ఎండాకాలం వేడిని నేలలో దాచి, చలికాలం వెనక్కి తీసుకుంటారు. తిరుపతిలో ఆ చలి ఎక్కడిది? మనం వేడి దించడమే గానీ తీసుకునేది ఉండదు. ఏటికేడు నేల వేడెక్కుతూ పోతుంది.

మీకు పనికొచ్చేది వేరే ఉంది. గదుల్లోంచి లాగిన వేడిని కూలింగ్ టవర్ మీంచి గాలికి వదిలేస్తున్నారు, పక్కనే డీజిల్ పోసి నీళ్ళు కాస్తున్నారు. ఆ వేడిని పారేయకుండా నీళ్ళు కాచడానికి ఇచ్చే హీట్ రికవరీ చిల్లర్‌లో ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల చల్లదనం, దాంతోపాటే నాలుగు యూనిట్ల వేడి వస్తాయి. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ 2015లో గ్యాసు ప్లాంటు మూసేసి అసలు పనంతా ఇలాంటి మిషన్లకే అప్పగించింది. స్నానాలకూ గిన్నెలకూ 55 డిగ్రీల నీళ్ళు చాలు.

ఇక ట్యాంకు. రాత్రి చల్లబరిచిన నీళ్ళను దాచుకుని మధ్యాహ్నం ఏసీకి వాడుకోవడానికి. లక్ష లీటర్ల నీటిని రాత్రిపూట 13 డిగ్రీల నుంచి 6కు దించితే దాదాపు 230 టన్ను-గంటల చల్లదనం చేతిలో ఉంటుంది. 50 టన్నుల చిల్లర్ నాలుగున్నర గంటలు ఆడినంత. కొంత ఎలాగూ కారిపోతుంది, అయినా మే నెల మధ్యాహ్నం చిల్లర్ మీద భారం తగ్గి, మీరు ఒక్కసారిగా లాగే కరెంటు, అంటే డిమాండు, దిగుతుంది.

రేణిగుంట దగ్గర నేను కట్టిన మొదటి ట్యాంకులో తప్పు చేశాను. గదుల నుంచి తిరిగొచ్చే నీళ్ళను మామూలు పైపుతో పైనుంచి దూకించాను. రెండున్నరకల్లా పై అంతస్తు వాళ్ళు ఫ్యాన్లు వేసుకున్నారు. మూత తీసి, తాడుకు కట్టిన థర్మామీటరు దించాను. పైన 11, నడుమ 11, అడుగున 11. అంతా కలిసిపోయింది! చల్లటి నీళ్ళు బరువు, అడుగున కూర్చోవాలి, వెచ్చటివి మీగడలా పైన నిలవాలి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత నీళ్ళను నెమ్మదిగా వదిలే వెడల్పాటి చిల్లుల గొట్టం, డిఫ్యూజర్, బిగించాం, నీళ్ళు మెల్లగా పరుచుకున్నాయి. అదే తాడు పైన 13, అడుగున 6 చూపించింది.

4 డిగ్రీల కిందికి మాత్రం దించకండి. అక్కణ్ణుంచి నీళ్ళు మళ్ళీ తేలికై పొరలు తిరగబడతాయి. అడ్వాన్సు ఇచ్చేముందే కాంట్రాక్టరును డిఫ్యూజర్ డ్రాయింగ్ అడగండి.