పాత ట్రాక్టర్ ధర చెప్పమంటే నేను ముందు నంబరు ప్లేటు చూస్తాను

"2013 మోడల్, 45 హెచ్‌పీ ట్రాక్టర్‌కి నాలుగు లక్షలు అడుగుతున్నారు, న్యాయమైన ధరేనా?" అని అడిగారు. మోడల్ చెప్పారు, హెచ్‌పీ చెప్పారు. ఆ బండి ఇన్నేళ్లూ ఏ నేలలో తిరిగిందో చెప్పలేదు. నా లెక్కలో సగం ధర అక్కడే తేలిపోతుంది.

మాది ప్రకాశం జిల్లా, దర్శి వైపు. మెట్ట పొలం, కంది, మిర్చి వేస్తాం. 2017లో నాన్న, నేను పాత ట్రాక్టర్ కోసం తిరుగుతుంటే మధ్యవర్తి ఒకాయన కృష్ణా జిల్లా బండి ఒకటి చూపించాడు. ఏపీ 16 నంబరు, 2011 మోడల్. కొత్త పెయింటు, కొత్త టైర్లు, సీటు మీద ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు. పొద్దున్నే ఆరున్నరకి వెళ్లి బోనెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. "ఇప్పుడే పాల క్యాన్లు దింపొచ్చామండీ" అన్నాడు ఆసామి. నమ్మేశాం. రాత్రంతా చల్లారిన ఇంజను ఒక్క సెల్ఫ్‌కి అందుకుంటుందా, పొగ ఏ రంగులో వస్తుంది అన్నది చూడకుండా పాత బండి కొనకూడదని అప్పటికి మాకు తెలియదు. 3,60,000 చెప్పి 3,20,000కి దిగాడు. నలభై వేలు తగ్గించామని దారంతా నాన్న సంతోషమే సంతోషం. మధ్యవర్తి మా దగ్గర ఐదు వేలు, వాళ్ల దగ్గర ఐదు వేలు తీసుకున్నాడని తర్వాత తెలిసింది. పశువుల సంతలో తువాలు కింద వేళ్లు పట్టుకుని బేరం చేసే దళారే నయం, ఎంత గుంజుతున్నాడో కనీసం వేళ్లకి తెలుస్తుంది.

మూడు వారాలు తిరిగేసరికి ఎడమ బ్రేకు పట్టడం మానేసింది. మెకానిక్ విప్పితే లోపల నల్లమట్టి అట్టలు కట్టి ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకుతుంటే చిన్న నత్తగుల్ల ముక్క ఊడి కింద పడింది.

"ఏం అబ్బాయ్, మీ చేలో నత్తలున్నాయా?"

"మా చేలో తాగడానికే నీళ్లుండవు బాబాయ్, నత్తలెక్కడివి?"

"అయితే ఇది దమ్ము చేసిన బండి. పెయింటు కింద చూసుకోవద్దూ?"

దమ్ము అంటే వరి నాట్లకి మడి బురద చెయ్యడం. ఇనుప చక్రాలు కట్టుకుని ఏటా మోకాలి లోతు బురదలో తిరిగిన బండికి సీళ్లు అరిగిపోతాయి. బురదనీళ్లు బ్రేకుల్లోకి, అక్కణ్నించి ఇరుసు ఆయిల్లోకి దిగుతాయి. మా బండిలో ఆయిల్ తీస్తే అచ్చం పాలు ఎక్కువైన టీలా వచ్చింది. బ్రేకులు, సీళ్లు, బేరింగులు, వాటితో పాటు క్లచ్ ప్లేటు, అన్నీ కలిపి 52 వేలు. తగ్గించుకున్న నలభై పోగా ఇంకో పన్నెండు చేతినుంచి పడ్డాయి.

అప్పట్నుంచి నా పద్ధతి ఒకటే. ఏపీ 05, 37, 16 అంటే గోదావరి, కృష్ణా డెల్టా బండి అనుకుని ధర కట్టడం. ఏపీ 02, 04, 21 అంటే అనంతపురం, కడప, కర్నూలు, మెట్ట బండి. కర్నూల్లో కేసీ కాలువ కింద వరి లేదా అని మా బావమరిది వాదిస్తాడు. వాడి మాట పక్కన పెట్టండి. అసలు నా బాధంతా 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకే కోడు పెట్టడం గురించి. ఎవరి సౌకర్యం కోసమో గానీ, నాలాంటివాడికి ఉన్న ఒక్క ఆధారం పోయింది. అలాంటి బండైతే ఆర్సీలో అడ్రసు చూసుకోవాలి.

బండి వెనక తగిలించిన కల్టివేటర్ ఎత్తించి, ఇంజను ఆపి, టీ తాగి రండి. వచ్చేసరికి అది కిందకి దిగిపోయి ఉంటే హైడ్రాలిక్ పని మిగిలే ఉంది. నీలం పొగ వస్తే ఆయిల్ తింటోంది, ఇంజను బోరు పనికి, అంటే సిలిండర్ల రిపేరుకి, డబ్బు పక్కన పెట్టుకోండి. ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో చూపే మీటరు నేను చూడనే చూడను, పాత బండ్లలో సగం వాటికి ఆ కేబులే ఉండదు.

ఇంకో సంగతి, అమ్మేవాళ్లు దీని ఊసెత్తరు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. అంతకుముందు పన్నుతో కలిపి ఏడు లక్షలున్న కొత్త బండికి ఆ ఒక్క లెక్కతోనే 44 వేల దాకా దిగాలి. కొత్తది దిగితే పాతదీ దిగాలి కదా? వీళ్లేమో ఇంకా పాత రేటే చెప్తున్నారు. టైర్ల మీద కూడా 18 నుంచి 5 అయింది, "కొత్త టైర్లండీ" అని ముప్పై వేలు ఎక్కువ అడిగితే ఆ మాట గుర్తు చెయ్యండి.

బండి మీద అప్పుంటే, అది తీరిందని చూపే కాగితాలు, బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి రాకుండా బయానా మించి ఇవ్వకండి. వెనక తగిలించే ట్రక్కు (ట్రైలర్) ఉచితం అంటే ఇంకా జాగ్రత్త, దానికి వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఆ కాగితం లేకే ఉచితం అంటారు.

ఇక మీ నాలుగు లక్షలు. మెట్ట బండి, ఒకే చేతిలో ఉంది, చల్లటి ఇంజను ఒక్క సెల్ఫ్‌కి అందుకుంది అంటే మూడున్నర దాకా వెళ్తాను. దమ్ము చేసిందని తేలితే రెండు డెబ్బై దాటి ఒక్క రూపాయి కూడా పెట్టను, పెయింటు ఎంత మెరిసినా సరే. ఇంతకీ నంబరు ఏ కోడుతో మొదలవుతుందో చెప్పలేదు?