కవల పిల్లల్లో ఒకదాన్ని తల్లిగొర్రె దగ్గరికి రానివ్వకపోతే ఏం చేయాలి?

ముందు పొదుగు పట్టి చూడండి. వేడిగా, గట్టిగా ఉంటే పొదుగువాపు కావచ్చు, నొప్పికి తన్నుతోంది; పశువుల డాక్టర్‌ని పిలవండి. పొదుగు బాగుంటే చాలాసార్లు సమస్య వాసనది. తల్లి తన పిల్లను గుర్తుపట్టేది ముఖ్యంగా వాసనతోనే. ఉమ్మనీటి తడి ఇంకా ఉంటే పిల్ల తోక చుట్టూ రాయండి, పాలిచ్చేటప్పుడు తల్లి మూతి పెట్టేది అక్కడే. మూడింటినీ ఇరుకు దడిలో ఉంచి, రోజుకు నాలుగైదుసార్లు తల్లిని కదలకుండా పట్టుకుని తాగించండి. కొన్ని రోజులు ఓపిక పట్టాలి.

జున్నుపాలు మాత్రం ఆలస్యం చేయొద్దు, మొదటి రెండు గంటల్లోనే పడాలి. రెండున్నర కిలోల పిల్లకు తొలిరోజు కనీసం 250 మి.లీ. కావాలి. పిల్ల నోట్లో వేలు పెడితే చల్లగా తగిలిందా, ముందు వెచ్చగా కాపండి, తర్వాతే పాలు. సీసాతో పడితే పిల్ల నిలబడే ఉండాలి. వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.