కారు మొరాయిస్తే ముందు పర్సు మూసెయ్

ఫీనిక్స్ నుంచి ఒక తమ్ముడు రాశాడు. ఎంఎస్ అయిపోయి, ఉద్యోగంలో చేరి ఏడాది దాటిందట. 2013 మోడల్ సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. పాత ఓనరు అప్పటికే దానికి పెద్ద ఇంజెక్టర్లు (ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మేవి), బయటి కంపెనీ డౌన్‌పైపు (ఇంజిన్‌లోకి గాలి తోసే టర్బో నుంచి పొగ బయటికి పోయే గొట్టం) వేయించి ట్యూన్, అంటే ఇంజిన్ కంప్యూటరులోని లెక్కలు, మార్పించాడు. పొద్దున తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఇండియన్ గ్రాసరీ ముందు ఆపి, ఇరవై నిమిషాల తర్వాత కూరగాయల సంచులతో తిరిగొస్తే మాత్రం సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజిన్ అందుకోదు. బ్యాటరీ మార్చాడు, ప్లగ్గులు మార్చాడు. ఇప్పుడు షెడ్డువాళ్ళు ఫ్యూయల్ పంపు మార్చాలంటున్నారు, లేబరుతో కలిపి ఆరేడు వందల డాలర్లు. పంపు మార్పించాలా, కారే అమ్మేయాలా అని అడుగుతున్నాడు.

తమ్ముడూ, చిన్నవాడివని నువ్వు అనేస్తున్నాను, ఏమీ అనుకోకు. పంపు ఇప్పుడే మార్చకు. ఆ ఆరు వందలు బ్యాంకులోనే ఉండనీ. నేనెందుకు అంత గట్టిగా చెబుతున్నానో తెలియాలంటే నా పాత బిల్లుల సంగతి కొంచెం వినాలి.

2009లో నేను ఫీనిక్స్ పక్కనే ఉన్న చాండ్లర్ వచ్చినప్పుడు మొదట కొన్నది కూడా ఇదే జాతి బండి, 2004 డబ్ల్యూఆర్‌ఎక్స్. అదీ ఎవరో మార్పులు చేసినదే. ఆ రోజుల్లో డాలరు యాభై రూపాయలకి కాస్త అటూ ఇటూగా ఉండేది. ప్రతి బిల్లునీ యాభైతో గుణించుకుని నిద్ర పాడుచేసుకునేవాణ్ణి. మే నెల రాగానే బండి నీ బండి లాగే మొదలెట్టింది. రెంటచింతల ఎండలు ఎరిగినవాణ్ణి, ఈ ఎడారి నన్నేం చేస్తుందిలే అనుకున్నాను. నన్నేమీ చెయ్యలేదు, నా బండిని చేసింది.

మొదట బ్యాటరీ మార్చాను. ఫీనిక్స్ ఎండకి బ్యాటరీ రెండు మూడేళ్ళకే చచ్చిపోతుంది, ఆ మాట నిజమే. కానీ నా బ్యాటరీ బాగానే ఉంది. తర్వాత ఆఫీసులో ఒకాయన "వేడికి సెల్ఫ్ మోటరు పట్టేస్తుందండీ" అన్నాడు. సెల్ఫ్ మార్పించాను. సెల్ఫ్ గిర్రున తిరుగుతున్న బండికి సెల్ఫ్ మార్పించిన మేధావిని! షెడ్డువాడైనా ఆపలేదు, ఎందుకు ఆపుతాడు? ఆ తర్వాత పంపు. వెనక సీటు ఎత్తి పంపు మార్చినందుకు వాళ్ళు వేసిన లేబరు చూసి రెండు రోజులు అన్నం సయించలేదు. ఇంటికి పంపాల్సిన డబ్బు క్రెడిట్ కార్డు వాడికి వెళ్ళింది. బండి మాత్రం గ్రాసరీ ముందు అలాగే నిలబడింది.

ఇక చేతిలో డబ్బు లేదు కాబట్టి బుర్ర వాడాల్సి వచ్చింది. పది డాలర్లు పెట్టి స్పార్క్ టెస్టరు కొన్నాను. ప్లగ్గుకీ, దానికి కరెంటు ఇచ్చే కాయిల్‌కీ మధ్య పెట్టే చిన్న బల్బు, అంతే. మళ్ళీ మొరాయించినప్పుడు అక్కడే పార్కింగ్‌లో పెట్టి చూస్తే బల్బు చక్కగా వెలుగుతోంది. అంటే కరెంటు ఉంది. సైలెన్సరు దగ్గరికి వెళితే గుప్పున పెట్రోలు వాసన. అంటే పెట్రోలు రాకపోవడం కాదు, ఎక్కువైంది! యాక్సిలరేటరు నేలకి అంటా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాను. చాలా కార్లలో అలా తొక్కితే ఇంజెక్టర్లు పెట్రోలు ఆపేస్తాయి, లోపల నిండింది బయటికి పోతుంది. నాలుగైదు సెకన్లకి దగ్గుకుంటూ అందుకుంది, వెనక నల్లటి పొగ. పక్క కారులో పిల్లాడు ముక్కు మూసుకున్నాడు.

మర్నాడు అపార్ట్‌మెంట్ నీడలో ప్లగ్గులు విప్పాను. సుబారులో ప్లగ్గులు పక్కల్లో ఉంటాయి, ఛాసిస్‌కీ ఇంజిన్‌కీ మధ్య చెయ్యి దూర్చి తిప్పేసరికి వేళ్ళు చీరుకుపోతాయి. మూడు ప్లగ్గులు లేత గోధుమ రంగులో పొడిగా ఉన్నాయి. నాలుగోది నల్లగా, తడిగా, పట్టుకుంటే వేళ్ళకి పెట్రోలు అంటింది. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే ఆయిల్‌లో కూడా అదే వాసన. ఇంకేం, ఆ సిలిండరు ఇంజెక్టరు కారుతోంది. నిర్ధారించుకోడానికి పార్ట్స్ దుకాణం నుంచి ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ తెచ్చాను. చాలా దుకాణాల్లో పనిముట్లు డిపాజిట్ కట్టి తీసుకెళ్ళొచ్చు, తిరిగిస్తే డబ్బంతా వెనక్కి వస్తుంది. ఈ దేశంలో నాకు బాగా నచ్చిన ఏర్పాట్లలో అదొకటి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు హోసు మధ్యలో గేజ్ పెట్టాను. కీ ఆన్ చేస్తే ప్రెషర్ 43 పీఎస్ఐ దాకా వెళ్ళింది. ఆపేశాక అక్కడే నిలవాల్సింది, కళ్ళముందే దిగిపోయింది. వెళ్ళే హోసు, తిరిగొచ్చే హోసు రెండూ నొక్కి మూసినా దిగింది. ఇక తప్పు పంపుది కాదు, ఇంజెక్టరుదే. నాలుగూ విప్పి, ఇంజెక్టర్లు కడిగి పరీక్షించే చోటికి పోస్టులో పంపాను. వంద డాలర్లకి కాస్త పైన. అంతకు ముందు పోసిన డబ్బులో అది ఎన్నో వంతో నేను లెక్క వెయ్యలేదు, మా ఆవిడ వేసింది.

ఇంతకీ వేడికే ఎందుకు? బండి పరిగెడుతున్నంత సేపూ ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంటు, తిరుగుతుంది, గాలి తగులుతుంది. ఆపగానే రెండూ ఆగిపోతాయి. పొయ్యి కట్టేసినా దోసె పెనం కాలుతూనే ఉన్నట్టు, టర్బో, ఎగ్జాస్టు దాచుకున్న వేడంతా అప్పుడు బయటికొస్తుంది. మన బండిలో టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరు ఇంజిన్ మీదే మూతలా కూర్చుని ఉంటుంది, ఆ వేడి పైకి పోయే దారి తక్కువ. అందుకే వెంటనే స్టార్ట్ చేస్తే అందుకుంటుంది, మూడు గంటలు వదిలేసినా అందుకుంటుంది. పావుగంట నుంచి ముప్పావుగంట మధ్యలోనే తంటా. పైగా డౌన్‌పైపు మార్చినవాళ్ళు కంపెనీ వేసిన హీట్ షీల్డులు, అంటే వేడిని అడ్డుకునే రేకులు, తీసి మూలన పారేస్తారు. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి ఎండ 110 ఫారెన్‌హీట్‌కి, అంటే 43 సెల్సియస్‌కి, తగ్గలేదు. బయటే అంత ఉంటే బానెట్ కింద ఎంతుంటుందో ఊహించుకో.

ఇప్పుడు నీ బండి సంగతి. నీ బండికి ఏమైందో దూరం నుంచి నేను తేల్చను, నా ఇంజెక్టరు జబ్బే నీకూ ఉండాలని లేదు. కానీ పైసా ఖర్చు లేని పరీక్షలున్నాయి. మొరాయించినప్పుడే చెయ్యాలి, చల్లారాక షెడ్డుకి తీసుకెళితే వాళ్ళకీ ఏమీ దొరకదు, ఫీజు మాత్రం నీకు దొరుకుతుంది. మొదట, సెల్ఫ్ కొట్టకుండా కీ ఆన్‌లో పెట్టి రెండు సెకన్లు ఆగి ఆపు, అలా మూడుసార్లు చెయ్యి. ప్రతిసారీ పంపు కాసేపు తిరిగి లైనులో ప్రెషర్ నింపుతుంది. అప్పుడు టక్కున అందుకుంటే ప్రెషర్ జారిపోతోందని, లేదా వేడికి పెట్రోలు ఆవిరవుతోందని అర్థం. అది కాకపోతే మరుసటిసారి యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి కొట్టు. అలా అందుకుంటే పెట్రోలు ఎక్కువై మునుగుతోంది. ఒకేసారి పది సెకన్లకి మించి సెల్ఫ్ కొట్టకు, అది కాలిపోతే ఇంకో బిల్లు.

పెట్రోలు ఎక్కువైతే ఇంజెక్టరే కారక్కర్లేదు, నీ బండిలో ట్యూన్‌ని కూడా అనుమానించాలి. పెద్ద ఇంజెక్టర్లు వేసి, సెల్ఫ్ తిరిగేటప్పుడు ఎంత పెట్రోలు కొట్టాలో ఉండే పట్టికని పాత ఇంజెక్టర్ల లెక్కకే వదిలేసే ట్యూనర్లు ఉన్నారు. చల్లటి పొద్దున ఆ ఎక్కువ పెట్రోలు కలిసొస్తుంది, వేడి ఇంజిన్‌లో ముంచేస్తుంది. ట్యూన్ చేసింది ఎవరో కనుక్కుని వేడి స్టార్టు సంగతి రాయి. ఫైలు సరిచెయ్యడం వాళ్ళకి అరగంట పని, చాలామంది ఊరికే చేసిస్తారు. చూశావా, ఆరు వందలు ఎక్కడికి పోబోయాయో!

కారు కంప్యూటరు చెప్పేది ఫోన్‌లో చూపించే బ్లూటూత్ ఓబీడీ పరికరం ఒకటి కొనుక్కో, ఇరవై ముప్పై డాలర్లు. పరీక్షల కోసం కొనమని నేను చెప్పే వస్తువు అదొక్కటే. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఫోన్‌లో ఆర్‌పీఎం, అంటే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు, చూడు. రెండు వందల దరిదాపుల్లో ఏదో అంకె ఆడాలి. గిర్రున తిరుగుతున్నా సున్నా చూపిస్తే ఇంజిన్ తిరగడాన్ని కంప్యూటరుకి చెప్పే క్రాంక్ సెన్సరు వేడికి పడుకుంటోంది. దాని మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలాగితే మళ్ళీ లేస్తుంది, అదే రుజువు. పొద్దున స్టార్ట్ చెయ్యకముందు కూలెంటు వేడి, లోపలికొచ్చే గాలి వేడి ఎంత చూపిస్తున్నాయో కూడా చూడు. రాత్రంతా నిలబడ్డ బండిలో రెండూ దాదాపు ఒకటే ఉండాలి. తేడా బాగా ఉంటే ఒక సెన్సరు కంప్యూటరుకి అబద్ధం చెబుతోంది. పెట్రోలు కొట్టించిన వెంటనే మాత్రమే మొరాయిస్తే పర్జ్ వాల్వు, అంటే ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే వాల్వు, చూడు. ఎక్కువ ఖరీదు కాదు, చాలా బళ్ళలో చేత్తో మార్చుకోవచ్చు. పెట్రోలు లైను మాత్రం వేడి టర్బో పక్కన విప్పకు, హాస్పిటల్ బిల్లు ముందు పంపు బిల్లు ఎందుకూ పనికిరాదు.

డౌన్‌పైపులో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరు ఉందో లేదో నువ్వు రాయలేదు. లేకపోతే చట్టం ఒప్పదు, ఎమిషన్ టెస్టు రూల్సు రాష్ట్ర పర్యావరణ శాఖ సైటులో ఉన్నాయి, చూసుకో. నువ్వు బ్యాటరీ విప్పావు కాబట్టి కంప్యూటరు మానిటర్లన్నీ, అంటే అది తనకు తాను చేసుకునే పరీక్షల ఫలితాలు, చెరిగిపోయి ఉంటాయి. కొన్ని రోజులు హైవే మీదా ఊళ్ళోనూ తిప్పకుండా టెస్టుకి వెళితే వెనక్కి పంపేస్తారు. బీమా కంపెనీకి మార్పుల సంగతి చెప్పావో లేదో అదీ చూసుకో.

అమ్మేయాలా అన్నావు. స్టార్ట్ కాని మార్పుల బండిని ఇప్పుడు అమ్మితే కొన్న దాంట్లో సగం రాదు, కొనేవాడు నీకంటే తెలివైనవాడు. పైగా నువ్వు మళ్ళీ ఇంకో బండికి వడ్డీ కట్టాలి. ముందు పాత ఓనరుకి ఫోన్ చేసి ఒరిజినల్ ఇంజెక్టర్లు, డౌన్‌పైపు, హీట్ షీల్డులు ఇంకా గరాజ్‌లో ఉన్నాయేమో అడుగు. మార్పులు చేసినవాళ్ళు చాలామంది పాతవి దాచుకుంటారు. ఉంటే వంద ఇస్తానను, నూట యాభై దాకా పోవచ్చు, అంతకుమించి ఒక్క డాలరు ఇవ్వకు.