డిస్క్‌లో ఇచ్చిన సాఫ్ట్‌వేర్ వేరే కంప్యూటర్‌లో ‘పర్మిషన్ డినైడ్’ అంటే ఏం చేయాలి?

తిరుపతిలో మీ లినక్స్ కంప్యూటర్‌లో రాసిన డీవీడీ మీ దగ్గర బాగా నడిచి, చిత్తూరు స్కూల్ ల్యాబ్‌లో మాత్రం ‘పర్మిషన్ డినైడ్’ అంటోందని అడిగారు. టెన్షన్ పడకండి, డిస్క్ పాడవలేదు. అది రాసిన తీరులోనే తేడా ఉంది.

డిస్క్‌లో ఫైళ్లను సర్దే మామూలు ఐఎస్ఓ 9660 పద్ధతిలో యూనిక్స్ తరహా అనుమతులు (ఫైల్‌ని ఎవరు చదవొచ్చు, రాయొచ్చు, నడపొచ్చు అనేవి) నిలవవు. రాక్ రిడ్జ్ అనే పొడిగింపు వాటిని డిస్క్‌లోకి తెస్తుంది. జోలియెట్ అనే మరో పొడిగింపు విండోస్‌లో పొడవైన పేర్ల కోసమే, అనుమతులకు పనికిరాదు. డిస్క్‌కి ఎక్కించే ఇమేజ్‌ని తయారుచేసే ఎంకేఐఎస్ఓఎఫ్ఎస్ (mkisofs) ప్రోగ్రామ్‌లో పెద్ద ‘ఆర్’ (-R) ఆప్షన్ ఇస్తే మీ యూజర్ నంబరు (సిస్టమ్ మిమ్మల్ని గుర్తుపట్టే అంకె), మీ అనుమతులు ఉన్నవి ఉన్నట్టే ఎక్కుతాయి. ఫైల్ అనుమతి 700 (అంటే యజమానికి మాత్రమే అన్నీ) అయితే అది మీకొక్కరికే తెరుచుకుంటుంది. ల్యాబ్‌లో పిల్లల యూజర్ నంబరు వేరు కదా, పాపం వాళ్లకి తలుపు మూసినట్టే.

చిన్న ‘ఆర్’ (-r) ఇచ్చి మళ్లీ రాయండి. యజమాని, గ్రూప్ నంబర్లు 0 అవుతాయి, చదివే అనుమతి అందరికీ వస్తుంది, రాసే అనుమతి పోతుంది. నడిపే అనుమతి ఒక్కరికి ఉన్నా అందరికీ వస్తుంది. పదిమందికి పంచే డిస్క్‌కి ఇదే సరైనదని నా గట్టి అభిప్రాయం.

అప్పటికీ ప్రోగ్రామ్ నడవకపోతే, ఆ సిస్టమ్ డిస్క్‌ని ‘నోఎగ్జెక్’ (noexec, అందులోని ప్రోగ్రామ్‌లను నడపనివ్వని సెట్టింగ్)తో మౌంట్ చేసిందేమో, అంటే అలా తెరిచిందేమో చూడండి. అలాగైతే ఫైళ్లను హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి నడపాలి. కాపీ అయినవి చదవడానికే పరిమితమై ఉంటాయి కాబట్టి, మార్చాల్సిన వాటికి అనుమతులు మార్చే సీహెచ్‌మోడ్ (chmod) కమాండ్‌తో రాసే అనుమతి ఇవ్వండి. అన్నిటినీ ఒకే టార్ ఫైల్‌గా (అనుమతులతో సహా ఫైళ్లను కలిపి ఉంచే మూటగా) కట్టి డిస్క్‌లో పెడితే ఈ చివరి తిప్పలు చాలావరకు తప్పుతాయి.